సారక్క పూల్ మీద మొదటి దాటు

ఇది జరిగి నెలలు గడిచాయి, నా ఒళ్లు మంట మాత్రం చల్లారలేదు. లోకం తెలియనిదాన్నేం కాదు నేను. చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్ బొగ్గు గని కాలనీలో పుట్టి పెరిగి, నర్సునై ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నదాన్ని. పెళ్లాం తల పగలగొట్టి, ఆ తలకు కుట్లు వేయమని తనే ఎత్తుకొచ్చిన మొగుళ్లను కూడా చూశాను. అలాంటి నేను, ఆ రోజు వార్ధా నది ఒడ్డున మధుకర్ అన్న మాట విని, టీకాల డబ్బాతో సహా ఇసుకలో కూలబడ్డాను. కన్నకొడుకు తల్లితో అనే మాటేనా అది?

మధుకర్ తల్లి సారక్క. ముందు ఆమె సంగతి చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు.

రాజురా వైపు ఒడ్డున, ఎప్పటినుంచో స్థిరపడిన తెలుగు రైతుల ఊళ్లో ఆమె ఇల్లు. నేను అద్దెకుండేదీ ఆ ఊళ్లోనే. నా ఆరోగ్య ఉపకేంద్రం మాత్రం ఏటికి అవతల, గోండ్‌పిప్రి వైపు. రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్లాలంటే సగం పొద్దు బస్సుల్లోనే పోతుంది. అందుకే వానాకాలం వెళ్లి నీళ్లు తగ్గగానే రెండు ఒడ్ల జనమూ సారక్క ఇంటి వైపు చూస్తారు. పెద్ద సిమెంటు పైపులు ఏట్లో వరసగా పరిచి, సందుల్లో ఇసుక బస్తాలు కూరి, పైన మొరం మట్టి పోసి తొక్కిస్తే వంతెన తయారు. మళ్లీ వానలు పడేలోగా పైపులు పీకి ఒడ్డుకు చేరుస్తారు. తహసీల్ ఆఫీసులో అనుమతి ఏటా ఆ ఇంటి పేరు మీదే వస్తుంది. ఖర్చు వాళ్లది, టోల్ వాళ్లది. మరాఠీవాళ్లూ తెలుగువాళ్లూ అందరూ దాన్ని సారక్క పూల్ అనే అంటారు.

టోల్ అంటే హైవే మీది టోల్ అనుకునేరు. అడ్డంగా ఒక వెదురు బొంగు, దాని మొదట్లో కట్టిన రాయి, పక్కన గుడిసె, గుడిసె ముందు సారక్క. అంతే. కొత్తవాళ్లు చిల్లర ఇస్తారు. రెండు ఒడ్ల ఊళ్లవాళ్లు మాత్రం పంట ఇంటికొచ్చాక గింజలు కొలుస్తారు, ఇటువైపు జొన్నలు, అటువైపు వడ్లు. శవానికి టోల్ లేదు, నిండు చూలాలికి లేదు, బడిపిల్లలకు లేదు. నాకూ లేదు. కొత్తలో నేను మొండికేసి డబ్బు ఇవ్వబోతే నా గుప్పిట మూసేసింది.

"నీ తాన పైసలు తీసుకుంటే రేపు నా కోడలు నొప్పులు పడేటప్పుడు నీ మొఖం ఎట్ల చూడాలె సరోజమ్మా?" అంది. అప్పటికి ఆమె కొడుక్కి పెళ్లే కాలేదు.

అంత ముందుచూపు మనిషి. నోరు కూడా అలాంటిదే. ఆ నోటికి జడిసి తాగుబోతులు సైతం బండి దిగి, నడిపించుకుంటూ దాటేవారు.

ఆ ఇంటికి ఒక కట్టుబాటు ఉంది. వంతెన కట్టగానే జనాన్ని వదలరు. మొదటి దాటు ఇంటివాళ్లది. ఆ ఏడు ఎంత బరువుకు టోల్ తీసుకోబోతున్నారో అంత బరువు నింపిన బండి మీద, ఆ ఇంటి మనిషి ఒకరు కూర్చుని అవతలికి పోయి రావాలి. బండి తోలేవాడు లెక్కలోకి రాడు. ఏదైనా అయితే వాడు దూకి ఈదుకుంటాడు. బరువు మీద కూర్చున్నవాళ్లకు ఆ వీలు లేదు కదా, అందుకని. మా మనిషిని ఎక్కించని పూల్ మీద ఊరి మనిషిని ఎక్కించం అనేవాడట సారక్క మామ. ఆ దాటు చూశాకే జనం కాలు పెట్టేది. ఇంజనీరూ లేడు, పరీక్షా లేదు. ఆ ఇంటి మనిషి ప్రాణమే పూచీ.

సారక్క పెళ్లయి వచ్చిన మొదటి సంవత్సరమే ఆమెను ఎక్కించారు. అప్పుడు ఇంకా పైపులు రాలేదు, కర్ర దుంగలూ తడకలూ పరిచిన వంతెన. కాళ్ల పారాణి ఆరని పిల్లను వడ్ల బస్తాల బండి మీద కూర్చోబెట్టి ఏట్లోకి తోలారు. సిర్పూర్ వైపు నుంచి కూతుర్ని చూడ్డానికి వచ్చిన తల్లికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు పాపం. ఒడ్డున నిలబడి చూసి గుండెలు బాదుకుంది.

"నా బిడ్డను మీ ఇంటికిచ్చిన్నా, ఏటికిచ్చిన్నా?" అని వియ్యంకుడి మీద మన్ను చల్లిందట.

ఈ మాట చెప్పినప్పుడల్లా సారక్క కడుపు పట్టుకుని నవ్వేది. భయం వేయలేదా అని అడిగాను.

"ఎయ్యకేంది? దుంగలు కిర్రుకిర్రుమంటుంటే కండ్లు మూసుకున్న. కని మా ఆయన ముందటి దినమంత నడుములోతు నీళ్లల్ల నిలవడి ఒక్కొక్క దుంగను మీద ఎగిరి చూసిండు. అది నేను చూసిన. గందుకే కూసున్న," అంది.

ఆమె భర్త లచ్చయ్య మంచివాడు. పచ్చకామెర్లు ముదిరి పోయాడు. ఆడదాని చేతి పూల్ ఎవడు ఎక్కుతాడని ఊళ్లో కొందరు మూతులు విరిచారు. సారక్క చీర గోచీ పోసి ఏట్లో దిగింది, ప్రతి పైపునూ తడిమి చూసి దగ్గరుండి పరిపించింది. అప్పటికి ట్రాక్టర్లు వచ్చాయి. పత్తి బేళ్లు నింపిన ట్రాక్టర్ మీద, పాలపళ్లు కూడా ఊడని మధుకర్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పోయింది, వచ్చింది. మూతులు విరిచినవాళ్లే ఆ సాయంత్రం బండ్లు కట్టుకుని వరసలో నిలబడ్డారు. ఆ తర్వాత ఏ ఏడూ ఆ పూల్ మీద చిన్న ప్రమాదం జరిగింది లేదు. ఆ ఇంటికి ఉన్న ఆస్తి అదే, సారక్క కూర్చుంది అంటే చాలు అనే నమ్మకం.

ఆ కొడుకు పెద్దవాడయ్యాడు. మరాఠీ బడిలో చదివాడు, తీయగా మాట్లాడతాడు, ఊళ్లో ఎవరి ఫోన్ చెడిపోయినా వాడి దగ్గరికే పరుగు. నేను కబురు పెడితే చాలు, రోగిని బండి మీద వేసుకుని రాజురా ఆసుపత్రికి చేర్చేవాడు. పెట్రోలుకు కూడా చెయ్యి చాపేవాడు కాదు. వాడి పెళ్లాం ప్రణాలికి కాన్పు చేసింది నేనే, ఆడపిల్ల. నాకు వాడంటే ఇష్టం. దాచుకోవడం ఎందుకు, నా సొంత తమ్ముడి కంటే ఎక్కువ ఇష్టం.

ఈలోగా ఏటి పైభాగాన సర్కారు పెద్ద వంతెన మొదలైంది. స్తంభాలు లేచాయి, పని ఆగింది, ఆ స్తంభాలు కొంగలు వాలడానికి పనికొస్తున్నాయి. అది పూర్తయితే మన పూల్ ముచ్చట ముగిసిపోతుందని మధుకర్‌కు బెంగ. అది తప్పు కాదు, నిజమే. ముగిసేలోగా నాలుగు రాళ్లు వెనకేసుకోవాలనుకున్నాడు. అప్పుడే ఇసుకవాళ్లు దిగారు. అవతలి ఒడ్డు నుంచి ఇసుక టిప్పర్లు దాటిస్తే ఊళ్లు కొలిచే గింజలకు ఎన్నో రెట్లు ఇస్తామన్నారు.

"జనం దాటే పూల్ మీద గా రాకాసి బండ్లు ఏందిరా?" అంది సారక్క.

"అమ్మా, ఇంక రెండేండ్లయితే జనం కూడ దాటరు. అప్పుడు బొంగు పట్టుకొని కూసుందామా?" అన్నాడు వాడు.

ఆమె సరే కానీయ్ అంది.

పోయిన దీపావళి ముందు సారక్క కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. చంద్రపూర్ తీసుకెళ్లింది నేనే. అదే సమయంలో ఇక్కడ మధుకర్ వంతెన పని మొదలుపెట్టాడు. ఆమె నల్ల కళ్లద్దాలతో ఇంటికొచ్చేసరికి పైపులు పరవడం, మొరం పోయడం, తొక్కించడం అన్నీ అయిపోయాయి. జన్మలో మొదటిసారి ఆమె చూడకుండా లేచిన పూల్ అది. దిగి చూస్తానని గోల చేసింది. ఏటి నీళ్లు పడితే కన్ను పోతుందని నేను గట్టిగా చెప్పాను. మధుకర్ నవ్వాడు.

"అన్ని నేను చూసుకున్నగదమ్మా. టిప్పర్లు రావడానికి ఇంక టైముంది. ఇప్పుడైతే మోటార్‌సైకిళ్లు, నడిచేటోళ్లే. నువ్వు నా బండెన్క కూసో, దాటుదాం," అన్నాడు.

సారక్క కొడుకు వెనక కూర్చుని దాటింది. ఒడ్డున ఉన్న మేమందరం చప్పట్లు కొట్టాం. ఆ నల్ల కళ్లద్దాలు చూసి సినిమా హీరోయిన్‌లా ఉన్నావని నేను ఆటపట్టిస్తే, నన్ను తిట్టి మరీ నవ్వింది. ఆ మధ్యాహ్నం నుంచే జనం నడిచారు. నేను టీకాల డబ్బా భుజాన వేసుకుని రోజూ దాటాను. మా ఊరి మల్లవ్వ కూతుళ్లు ఇద్దరూ సైకిళ్ల మీద హైస్కూలుకు దాటారు. గర్భిణులు నా దగ్గరికి పరీక్షకు దాటి వచ్చారు. 

వారం గడిచింది. ఇసుకవాళ్లు మొదటి టిప్పర్ పంపిన రోజు, అదేదో తిరునాళ్లలా రెండు ఊళ్ల జనం ఒడ్డుకు వచ్చారు. నిండా ఇసుకతో ఉన్న టిప్పర్ అవతలి ఒడ్డున ఆగి ఉంది. ఆ రోజు నాకు అటువైపే టీకాల డ్యూటీ, అందుకని నేనూ అక్కడే ఉన్నాను. సారక్క అప్పటికే వచ్చి నిలబడింది. ఊరి పెద్ద భీమయ్య గొంతు సవరించుకున్నాడు.

"కొత్త బరువు గదా సారక్కా. ఇంటోళ్ల దాటు గావాలె," అన్నాడు.

"కావాలె మరి," అంది సారక్క.

మధుకర్ స్టీరింగ్ ముందు ఎక్కి కూర్చున్నాడు. "నేనే తోల్త గదా, సాలదా?" అన్నాడు.

"తోలేటోడు లెక్కల రాడు, నీకు ఎర్కలేదా?" అంది తల్లి. తనే ఎక్కబోయింది. నేను రెక్క పట్టుకుని లాగాను. ఆ కుదుపులకు కుట్టు ఊడితే కన్ను పోతుందని అరిచాను. జనమూ వద్దన్నారు.

అప్పుడు ప్రణాలి ముందుకు వచ్చింది. ఆమెను ఎవరూ అడగలేదు. చంకలో పిల్లతోనే కొంగు బిగించి, టిప్పర్ చక్రం మీద కాలు పెట్టి, పక్కవాళ్లు ఊతమిస్తే ఇసుక మీదికి ఎక్కి కూర్చుంది.

"అత్త పెండ్లైన ఏడే ఎక్కిందట. నేను గీ ఇంటి మనిషిని కానా?" అంది.

సారక్క మొహం చూడాలి మీరు. ఆనందంతో చేతులెత్తి కోడలికి దిష్టి తీసింది. జనం గోలగోలగా ఈలలు వేశారు. పోనీయ్ మధుకర్, పోనీయ్ అన్నారు.

ఇంజన్ మోగింది. బండి కదల్లేదు. మధుకర్ అద్దంలోంచి వెనక్కి చూస్తున్నాడు. మొహం నిండా చెమట. ఇంజన్ ఆపేసి, కిందికి దూకి, వెనక్కి పరుగెత్తాడు.

"దిగు ప్రణాలీ. ముందుగాల పాపను దింపు," అన్నాడు.

"ఎందుకు?"

"దిగమంటున్న గదా."

"ఊరంత చూస్తుంది. ఎందుకు దిగాలె?"

వాడు చక్రం ఎక్కి పెళ్లాం చేతిలోంచి పిల్లను లాక్కున్నాడు. పిల్ల కెవ్వుమంది. పిల్లను గుండెకు హత్తుకుని అక్కడే నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

"నడిమి పైపులు పగిలినయి. పగిలినయే అగ్గువ ధరకు దొరికితే ఏసిన. గా బరువుకు ఆగుతయో ఆగవో నాకు తెల్వది."

  అంటే ఈ ఒక్కసారికి తనైతే దూకి ఈదుకుంటాడు, రేపటినుంచి ఇసుకవాళ్ల డ్రైవర్లు మునిగితే మునగనీ అనుకున్నాడన్నమాట. వాళ్లకు తల్లులు లేరా? భీమయ్య నెత్తి మీది రుమాలు తీసి చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అందరికంటే ముందు కదిలింది మల్లవ్వ. నేరుగా మధుకర్ దగ్గరికి వెళ్లి వాడి మొహంలోకి చూసింది.

"నా పిల్లలు దినాం పోతుండ్రు గదరా దాని మీదికెంచి. నీ బిడ్డనైతే గుంజుకుంటివి," అంది.

వాడు తల ఎత్తలేదు. మల్లవ్వ కొడుతుందేమో అనుకున్నాను, కొట్టినా నేను అడ్డం పోయేదాన్ని కాదు. ఆమె కొట్టకుండా వెనక్కి తిరిగి, ఒడ్డున ఉన్న కూతుళ్ల చేతులు పట్టుకుని దూరంగా తీసుకుపోయింది.

సారక్క ఇంకా నిలబడే ఉంది. కళ్లద్దాలు తీసేసింది. 

"మధూ," అని పిలిచింది. "మొన్న నన్ను నీ బండెన్క కూసోబెట్టుకొని దాటినవు గదా. పైపులు పగిలినయని అప్పుడు నీకెర్కనా?"

తెలియదని అబద్ధమైనా చెప్పరా అని నేను లోపల మొక్కుకున్నాను.

"ఎర్కనే," అన్నాడు.

"మరి నన్నెందుకు ఎక్కిచ్చినవు?"

"నువ్వు కూసుంటేనే జనం నమ్ముతరమ్మా," అన్నాడు వాడు.

నేను కూలబడింది అప్పుడే. ఛీ, ఎంత మాట. పైగా అది తిట్టులా అనలేదు, కసిగా అనలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయింది అన్నట్టు అన్నాడు. అదే నాకు మింగుడు పడలేదు. దాని కంటే వాడు తల్లిని తిట్టి ఉంటే బాగుండేది.

 అంత నోరు గల సారక్క ఆ ఒడ్డున పడి ఉన్న వెదురు దడి ఒకటి ఈడ్చుకొచ్చి వంతెనకు అడ్డం పెట్టింది. ఇవతలికి రావాల్సిన మేమందరం ఆ రోజు చేపలవాళ్ల నాటు పడవ మీద దాటాం. మరునాడు మధుకర్ చేతనే పైపులు పీకించారు భీమయ్యా వాళ్లూ. నేను పని మానుకుని మరీ పోయి చూశాను. నడిమి పైపుల్లో ఒకటి పైకి లాగుతుంటేనే రెండు చెక్కలై నీళ్లలోకి జారింది. మేము వారం రోజులు దాని మీద నడిచాం.

నాలుగు రోజులు పోయాక భీమయ్య సారక్క ఇంటికి వచ్చాడు. నేను అప్పుడు ఆమె కంట్లో మందు వేస్తున్నాను. ఆడపిల్లల బడి ఆగిపోయింది, మంచి పైపులు తలా ఇంత వేసుకుని కొందాం, పూల్ మళ్లీ కట్టమన్నాడు.

"నీ కొడుకు మాట వద్దు. నువ్వు కూసుంటే సాలు, మాకు నమ్మకమే," అన్నాడు పెద్దమనిషి.

"నేను కూసుండి వారం దినాలు మీ పిల్లల్ని పగిలిన పైపుల మీద నడిపిచ్చిన భీమయ్యా. ఇంక నా కూసునుడు లెక్కకు రాదు. కట్టుకుంటే మీరే కట్టుకోండ్రి," అంది.

ఎంత బతిమాలినా వినలేదు. తహసీల్ ఆఫీసుకు కబురు పెట్టి తన ఇంటి పేరు మీది అనుమతి వదులుకుంది. ఆడపిల్లలు ఇప్పుడు చుట్టు తిరిగి రెండు బస్సులు మారి బడికి పోతున్నారు. మల్లవ్వ చిన్న కూతురు మానేసింది.

భీమయ్య వెళ్లాక నేను ఆగలేకపోయాను. రెండో చుక్క మందు వేస్తూ మధుకర్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. వాడికి ప్రాణాలు పోసి పెంచితే పెళ్లాం పిల్లలు తీపి, తల్లి చేదు అయిందా అన్నాను. ప్రణాలి వంటింట్లో ఉంది, వింటే విననీ అనుకున్నాను. సారక్క కన్ను మూసుకుని అలాగే పడుకుంది. మందు చెంప మీదికి కారింది. అది మందేనో ఏమో.

"పాపను గుంజుకున్నడంటే మంచి పనే చేసిండు సరోజమ్మా. వాని జాగల ఉంటే నేనూ గుంజుకుందును. దాని గురించి నాకేం కోపం లేదు," అంది.

నేను దూదితో ఆమె చెంప తుడిచాను.  నిద్రపోయిందనుకుని లేవబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను దాటిచ్చిన దినం బండి ఎక్కేటప్పుడు నా రెండు చేతులు తీసి వాని నడుముకు సుట్టుకున్నడు. గట్టిగ పట్టుకో అమ్మా అన్నడు. నా మీద నా కొడుక్కి ఎంత పావురమో, ఎంత ప్రేమనో అని, పూల్ దాటేదాక మురుసుకుంట పోయిన," అంది.